ఎర్రవంక మీద ఈరన్న

మా ఆఫీసులో ఉరుకుందప్పను నేను తిట్టని రోజంటూ ఉంటే అది ఆదివారమే. కర్నూలులో మా అన్నదమ్ములంతా సిమెంటు, ఇనుము అమ్ముకుంటూ చల్లగా ఉంటే, నేనొక్కణ్ణే ఈ సర్వే ఆఫీసు పెట్టి నెత్తి మీదికి తెచ్చుకున్నాను. ఉరుకుందప్ప నా సర్వేయరు. కోడుమూరు అవతల, వాన చూసుకుని విత్తనం వేసే మెట్ట పల్లె ఆయనది. మొదట స్కేలు కర్ర పట్టుకునే పనిలో చేరి, కొలతల మిషన్ తిప్పడం చూసి చూసి నేర్చుకున్నాడు. తలగుడ్డ చుట్టుకుని గట్ల మీద పోతూ కనపడిన ప్రతి రైతుతోనూ వరస కలుపుతాడు. సర్వేవాళ్లంటే కస్సుమనే ఊళ్లలో కూడా ఆయన్ను పిలిచి మజ్జిగ ఇస్తారు. అందుకే తిడతానే గాని వదులుకోను.

ఆయనకో పట్టింపు ఉంది. ఏ పని మొదలుపెట్టినా కంప్యూటర్లో ఆ ప్రాజెక్టుకు ‘ఈరన్న’ అనే పేరు పెడతాడు. ఉరుకుంద ఈరన్న స్వామి వాళ్ల ఇంటి దేవుడు. పని ముగిశాక అసలు పేరు పెడతాడు. “మార్చేది మరిస్తే ఏం గతి?” అంటే, “స్వామి చూసుకుంటాడు సార్” అంటాడు. నాకు ఒళ్లు మండేది.

రెండేళ్ల కిందటి ఎండాకాలంలో వాళ్ల పల్లె పనే మాకు వచ్చింది. ఊరికీ తారురోడ్డుకీ మధ్య ఎర్రవంక ఉంది. గట్టి వాన పడితే వంక పారుతుంది, ఊరు ఊరంతా అవతలే చిక్కుకుంటుంది. ఉరుకుందప్ప కూతురు సాహితి అట్లాగే ఒక పరీక్ష పోగొట్టుకుంది. వంక మీద కల్వర్టు, దాని మీదుగా రోడ్డు. ఆ డిజైను సోమవారం సాయంత్రం ఐదులోపు ఇంజినీర్ల ఆఫీసుకు చేరాలి. చేరకపోతే ఆ యేటి మంజూరు ఇంకో ఊరికి పోతుంది. ఉరుకుందప్ప ఎండలో మాడి మసై కొలిచాడు. మా డిజైను పని చూసే స్వర్ణలత, “మీ ఊరి పని కదన్నా, మీ స్వామి పేరే ఉండనీ” అని తన కంప్యూటర్లోనూ ‘ఈరన్న’ అనే పెట్టుకుంది. ఇద్దరికిద్దరూ సరిపోయారు!

సోమవారం పొద్దున ఉరుకుందప్ప వంక గట్టున ఇంకొన్ని కొలతలు తీసుకుని పరుగున వచ్చాడు. స్వర్ణలత టిఫినుకు పోయింది. ఆమె వచ్చేలోగా ఎక్కించి పెడదామని ఆమె కంప్యూటర్లో పెన్‌డ్రైవ్ పెట్టాడు. ‘ఈరన్న’ ఇక్కడ ముందే ఉన్నాడు, పాతది తీసేసి ఈ కొత్తది పెట్టమంటావా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. ఈయన కళ్లకద్దుకుని సరేనని నొక్కాడు.

స్వర్ణలత వచ్చి తెరిచింది. రోడ్డు లేదు, కల్వర్టు లేదు. గట్టున కొలిచిన నాలుగు చుక్కలు మాత్రం ఉన్నాయి.

“ఏం చేసినావప్పా?” అని అరిచాను.

“స్వామి పేరు చూపించి అడిగింది సార్. వద్దని ఎట్లంటాను?”

మా దగ్గరున్న కాపీ డిజైను మొదలుకాక ముందుది. ఆ మాట వినేసరికి ఉరుకుందప్ప నేల మీద కూలబడ్డాడు. “ఊర్లోకి ఏం మొగం పెట్టుకోని పోయేది సార్? నా చేత్తోనే తుడిచేస్తినే” అని కండువాలో మొహం దాచుకున్నాడు. తిట్టబోయినవాణ్ణి మంచినీళ్ల సీసా అందించాను.

అప్పుడు స్వర్ణలత నసిగింది. “సార్, తిట్టనంటే ఒక మాట చెప్తా.”

“తిడతా. చెప్పు.”

కడపలో పద్మప్రియ అని ఆమె స్నేహితురాలుంది. ఆమెదీ ఇదే పని, మేం వాడే సాఫ్ట్‌వేరే వాడుతుంది. కల్వర్టు తూముల లెక్క ఒకసారి చూడమని శనివారం స్వర్ణలత ఆమెకు ప్రాజెక్టు పంపిందట. కొలతలు, నేల ఎత్తుపల్లాలు, రోడ్డు గీత, అన్నీ ఒకే మూటగా! మన డేటా బయటి ఆఫీసులకు పంపకూడదని కాగితం రాసి స్వర్ణలత ఎదురు గోడకే అంటించాను నేను.

“ఆ కాగితం చదవలేదా?”

“చదివినా సార్. ఇప్పుడు ఫోన్ చేయమంటారా, వద్దా?”

“చేయి తల్లీ, చేయి!”

సంగతి విని పద్మప్రియ ఫోన్లో పకపకా నవ్వింది. “పదిలంగా ఉండాది లేక్కా, పంపుతాండా. పేరు మాత్రం ‘ఎర్రవంక ఈరన్న’ అని మారుస్తాండా. మళ్లా ఒకరి మీద ఒకరు కూర్చుంటే మన పని గోవిందా!”

మూట విప్పితే రోడ్డూ కల్వర్టూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఉరుకుందప్ప స్క్రీనుకే మొక్కాడు. గట్టు కొలతలు చేర్చి తిరిగి కడపకు పంపాం. అక్కడ పద్మప్రియ కల్వర్టు సరిదిద్దింది, ఇక్కడ స్వర్ణలత రోడ్డు సరిదిద్దింది. రెండూ కలిపి అచ్చు తీసేసరికి నాలుగు దాటింది. ఉరుకుందప్ప ఆ కాగితాలను చంటిబిడ్డలా ఎదకు హత్తుకుని ఆటో ఎక్కాడు. గడువులోపే ఇచ్చేశానని ఫోన్ చేస్తే, సంతోషం పట్టలేక ఆఫీసంతా వినపడేలా నవ్వాను.

మంజూరు వచ్చింది, కల్వర్టు కట్టారు. ఈ యేడు గట్టి వాన కురిసిన మర్నాడు ఉరుకుందప్ప పనికి రాలేదు. బనగానపల్లెలో మామిడితోట కొలవాలి, ఆ ఆసామి ఫోన్ల మీద ఫోన్లు చేసి నా ప్రాణం తోడేస్తున్నాడు. మండిపోయి ఉరుకుందప్పకు ఫోన్ చేశాను.

“యాడుండావప్పా?”

“వంక మీద సార్.”

“వంకలోనా?”

“మీద సార్, మీద! శానా పారతాండాది. నీళ్లు కింద పోతాండాయి, నేను పైన నిలబడుకోనుండా. మా సాహితి ఇప్పుడే సైకిలేసుకోని అవతలికి పాయె. వినండి సార్!”

ఫోను నీళ్లవైపు తిప్పినట్టున్నాడు. హోరు వినపడింది. స్వర్ణలత నా చేతిలోంచి ఫోన్ లాక్కుని స్పీకరు పెట్టింది. తిట్టాలన్న సంగతే మరిచిపోయాను. కళ్లు తడిశాయి, అబద్ధమెందుకు?

“ఫోన్ పెట్టేయొద్దప్పా,” అన్నాను. “ఇంకాసేపు అట్లనే పట్టుకో.”