పుట్టినరోజు తాడులో ఎర్రజెండా

గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న కాలం. 1930 దాటిన కొత్తలో, ఒక మే నెలలో, నన్ను బరంపురం నుంచి ఒక చిన్న రేవుకు సిగ్నల్ గుమాస్తాగా బదిలీ చేశారు. రామయ్యపట్నానికి ఉత్తరాన ఉండేదని మాత్రం చెబుతాను. అప్పటివాళ్ల పిల్లలు ఇంకా ఆ ఊళ్లో ఉన్నారు కనుక పేరు చెప్పను.

గుమాస్తానన్న మాటేగాని నా పని జెండాకొయ్యతో. మా రేవులో స్టీమర్లు ఒడ్డుకు రాలేవు. దూరంగా లంగరు వేస్తే సరుకును పడవల మీద కెరటాలు దాటించి తేవాలి. స్టీమరు లేని రోజుల్లో అవే పడవలు వేటకు వెళ్లేవి. కెరటం ప్రమాదంగా ఉన్నప్పుడు కొయ్యమీద ఎర్రజెండా ఎగరేస్తాం. అది దిగేదాకా ఏ పడవా బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు. కాదని దాటితే లైసెన్సు తీసేస్తారు, స్టీమరు పని పోతుంది. నేను చేరిన కొత్తలోనే అప్పన్న అనే తండేలుకు, అంటే పడవ పెద్దకు, ఆ శిక్ష పడింది. బతిమాలుకోగా లైసెన్సు తిరిగి ఇచ్చారు.

జూన్ మూడు చక్రవర్తి పుట్టినరోజు. కచేరీలకు సెలవు, బళ్లలో పిల్లలకు మిఠాయి. మాకు మాత్రం ఆ రోజే పని ఎక్కువ. పెట్టెలో ఉన్న సిగ్నల్ జెండాలన్నీ ఒకే తాడుకు వరసగా కట్టి కొయ్య కొనదాకా లాగాలి. పొద్దుగూకేదాకా దించకూడదు. ఎర్రజెండాను కూడా కలపమంటారా అని మా రేవు అధికారి జగన్నాథరావుగారిని అడిగాను. దర్జా అయిన మనిషి. ఆ ఏడు తనకు బిరుదు వస్తుందన్న ఆశతో ఉన్నారు. రంగు నిండుగా ఉంటుంది, అన్నిటికన్నా పైన కట్టించమన్నారు. కట్టించాను. తెల్లవారకముందే పడవలు వేటకు వెళ్లిపోయాయి. జెండాలు లేచింది పొద్దు పొడిచాక.

ఒడ్డున షామియానా వేశారు. బరంపురం నుంచి బ్యాండు వచ్చింది, వకీళ్లు, వర్తకులు వచ్చారు. రిజర్వు పోలీసులు వరసగా నిలబడి తుపాకులు గాలిలోకి పేల్చారు. ఆ పొగ తేలిపోయాక ఒక వకీలుగారు సముద్రం వైపు చూపించారు. కెరటాలకు అవతల ఆరు పడవలు పక్కపక్కన, ముందుకు రాకుండా నిలిచి ఉన్నాయి. జగన్నాథరావుగారు లేచి, మన జాలర్లు కూడా ప్రభువులవారికి సలాము చేస్తున్నారని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ చప్పట్లు ఆగకముందే అప్పన్న కోడలు నీలమ్మ పోలీసుల వరసను తోసుకుంటూ కొయ్య దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. కాపలా ఉన్న దండాసి అనే ఖలాసీ మీద అరిచింది.

"ఆ ఎర్రగుడ్డ దించీ అన్నా! అది దిగితేగాని మావోలు రారు!"

నేను దగ్గరికి వెళ్లి, ఈవేళ కెరటం లేదు కదా, ఎందుకు రారు అన్నాను.

"కెరటం నేదని మావోలకి తెల్దా బాబూ? రావొద్దని నువ్వే కదా పైన కట్టినావు! మొన్న దాటినాడనే కదా మా మావ లైసెన్సు తీసీసినారు. అదిగో సూడు, దచ్చినం నల్లబడిపోతంది. గాలి రాకముందే దించీ బాబూ!"

తలెత్తి చూశాను. మేము వేడుక కోసం ఎగరేసిన అన్ని రంగుల్లో వాళ్లకు తెలిసినది ఆ ఒక్కటే. పొద్దుటి నుంచి వాళ్లు దానికే కట్టుబడి ఎండలో నిలిచి ఉన్నారు. మేము చప్పట్లు కొట్టాం.

జగన్నాథరావుగారి చెవిలో సంగతి చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. అయినా, పొద్దుగూకకముందు ఆ జెండాలు దించితే రాజద్రోహం అంటారు, రోజులు బాగాలేవు, మనిషిని పెట్టి కేకలు వేయించు అన్నారు. బ్యాండు మోతలో, అలల హోరులో ఎవరి కేక వినపడుతుంది? ఎర్రజెండా ఒక్కటే దించుదామంటే అన్నీ ఒకే తాడున ఉన్నాయి.

వెనక్కి వచ్చి తాడు వదలమన్నాను. దండాసి రెండు చేతులూ జోడించాడు. "నా నౌకరీ ఎలిపోద్ది బాబూ" అన్నాడు. ముడి నేనే విప్పాను. జెండాలన్నీ జారి ఇసుకలో కుప్పగా పడ్డాయి. బ్యాండు పాట మధ్యలో ఆగిపోయింది.

పడవలు వెంటనే కదిలాయి. అప్పన్న మిగతావాళ్లను ముందు పంపి తన పడవను చివర ఉంచాడు. అయిదు ఒడ్డెక్కాయి. అప్పటికి గాలి వచ్చి పడింది. ఆరోది కెరటం మీద అడ్డం తిరిగి బోల్తా పడింది. షామియానా కింద ఉన్నవాళ్లూ, కొయ్య దగ్గర మేమూ చూస్తూ నిలబడ్డాం. తెడ్లవాళ్లు ఈదుకుంటూ వచ్చారు. అప్పన్న రాలేదు. కొన్నాళ్లకు శవం చమఖండి దగ్గర ఒడ్డుకు చేరింది.

పై అధికారి ఒకరు విచారణకు వచ్చారు. ఎవరి అనుమతితో దించావు, కాంగ్రెసు వాళ్లతో పరిచయం ఉందా అని నన్ను అడిగారు. అప్పన్న సంగతి ఎత్తితే అది ఈ విచారణలోకి రాదన్నారు. నీలమ్మను కూడా పిలిపించి, జెండాలు దింపించమని నిన్నెవరు పంపారని అడిగారు.

"ఎవులు పంపుతారు బాబూ? మావోలు సముద్రం మీదున్నారు" అంది.

ఆ జవాబు ఆయన రాసుకోలేదు.

నాకు ఇంక్రిమెంటు ఆపి మళ్లీ బరంపురం వేశారు. జగన్నాథరావుగారు నాకు వ్యతిరేకంగా ఏమీ రాయలేదు, అనుకూలంగానూ రాయలేదు. మరుసటి ఏడు, అలంకారపు తాడులో ఎర్రజెండా కట్టరాదని ఉత్తర్వు వచ్చింది. కారణం చెప్పలేదు.

తర్వాత మరో రెండు రేవుల్లో పనిచేశాను. నా కింద చేరిన ప్రతివాడికీ చెప్పినది ఇదే: జెండా ఎగరేసే ముందు, సముద్రం మీద ఉన్నవాడికి అది ఏమని చెబుతుందో అడిగి తెలుసుకో. ఈరోజు పండగ అని అతనికి ఎవరూ చెప్పి ఉండరు.