గంగవాయిలి ఉడికిన నీళ్లు

గంగవాయిలి కూర ఉడికే వాసన అందరికీ నచ్చదు. తడి మట్టి, పుల్లటి ఆవిరి కలిసినట్టుంటుంది. నిన్న మొయినాబాద్‌లో రోడ్డు పక్కన ఒక ముసలమ్మ దగ్గర కట్ట దొరికితే తెచ్చి పొయ్యి మీద పెట్టాను. ఉడికాక గిన్నెకు మూత అడ్డం పెట్టి నీళ్లు వంపుతుంటే ఆవిరి ముఖానికి కొట్టింది. విమల మేడం గుర్తొచ్చింది. గుర్తొచ్చిందంటే ప్రేమగా అనుకునేరు! ఆమె తలపుకొస్తే ముందు నా పళ్లు బిగుసుకుంటాయి. మిగతావన్నీ ఆ తర్వాతే.

మొయినాబాద్ అవతల పొలాల మధ్య లేచిన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె కెమిస్ట్రీ హెడ్. నేను ఎమ్మెస్సీ చేసి ఆమె కింద ల్యాబ్‌లో చేరాను. ఊరూరా సాఫ్ట్‌వేర్ పిచ్చి పట్టిన రోజులవి. పిల్లల కళ్లు కంప్యూటర్ మీదే. మా సబ్జెక్టు మొదటి ఏడాది పాసై వదిలించుకునే పీడ. మాది చేవెళ్ల పక్కన ఆలూరు. మా అమ్మను అవ్వ అంటాం, ఆమె కైకిలి కూలికి పోయి కలుపు తీసేది. తీసిన కలుపులో తినే ఆకు కనబడితే ఒడిలో వేసుకునేది. గునుగు, చెంచలి, గంగవాయిలి, ఏది దొరికితే ఆ పూటకు అదే కూర. ఆ కూర పెట్టిన టిఫిన్ డబ్బా అందరి ముందు తెరవాలంటే నాకు సిగ్గు. అందుకే ల్యాబ్‌లో బీరువాల వెనక కూర్చొని తినేదాన్ని. ఒకరోజు మేడం అక్కడికే వచ్చింది. అడక్కుండానే నా డబ్బాలో వేలు పెట్టి నాకి చూసింది.

"గంగవాయిలా? మా దుకాణంల అన్ని పప్పులుండె, గిది మాత్రం లేకుండె. కలుపు మొక్క, మన ఇండ్లల్ల తినరని మా అమ్మ ముట్టనియ్యకపోయేది." ఆమెది చేవెళ్లలో కిరాణం నడిపిన కోమట్ల ఇల్లు. ఒక ముద్ద తీసుకొని అడిగింది, "మీ అవ్వ దీన్ని ఎట్ల వండుతది? ఉడికిన నీళ్లు వంపుతదా, ఇగురపెడతదా?"

"వంపుతది మేడం."

"ఎందుకు?"

"పులుపు పోవాలెనని."

"పులుపొక్కటేనా పోయేది? రేపు పచ్చి ఆకు తే. చూద్దాం."

మరునాడు పచ్చి ఆకు, ఉడికించి పిండిన ఆకు, వంపిన నీళ్లు వేర్వేరుగా పెట్టింది. ఆకులో ఆక్సలేట్ అనే ఉప్పు ఉంటుంది. అది ఒంట్లో సున్నంతో కలిస్తే సన్నని ఇసుకలా గడ్డకడుతుంది, మూత్రపిండాలకు మంచిది కాదు. దాన్ని కొలవడానికి పిల్లలతో ప్రతి ఏడూ చేయించే పరీక్షే సరిపోతుంది. కూర నుంచి ఆ ఉప్పును వేరుచేసి, ఆమ్లంలో కరిగించి, వేడి మీదుండగానే పైనుంచి వంకాయ రంగు పర్మాంగనేట్ బొట్టు బొట్టుగా వదలాలి. ఆక్సలేట్ ఉన్నంతసేపు రంగు మాయమవుతుంది. అయిపోగానే లేత గులాబి నిలుస్తుంది. పిండిన ఆకుకు తొందరగానే నిలిచింది. వంపిన నీళ్లు మాత్రం బొట్టు తర్వాత బొట్టు మింగుతూనే ఉన్నాయి. "చూసినవా, సగం కంటే ఎక్కువ నీళ్లల్లనే పోయింది" అని మేడం చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ ఆకులో మంచి కూడా బోలెడుందని తేల్చింది. ఇనుము ఉంది, చేపనూనెలో ఉండే కొవ్వుకు దగ్గరి చుట్టం ఒకటుంది. నా డబ్బాలో ఇంత ఉందా అనిపించింది. ఆ రోజు నుంచి బీరువాల వెనక తినడం మానేశాను. ఇది ఆమె నాకిచ్చింది, కాదనను.

కాలేజీ చైర్మన్ స్నేహితుడొకాయన సాఫ్ట్‌వేర్‌లో సంపాదించి మా వైపు ఫామ్‌హౌస్ కొన్నాడు. అడవి కూరల పొడి చేసి అమ్ముతానని ల్యాబ్‌కు వచ్చాడు. మేడం ఉన్నదంతా చెప్పింది, మంచీ చెడూ. "ఎండబెట్టి పొడి కొడితే ఆక్సలేట్ ఎక్కడికీ పోదు సార్, అండ్లనే ఉంటది. ఎవరికి మంచిదో తర్వాత రాయండి, ఎవరు తాగొద్దో ముందు రాయండి."

ఆయన నవ్వాడు. "మేడం, తాగొద్దని రాస్తే ఎవరు కొంటరు?"

ఆ తర్వాత ఆయన మళ్లీ కనబడలేదు. మేమూ మర్చిపోయాం.

నా పెళ్లయి కొండకల్‌లో కాపురం పెట్టాను, అక్కడి నుంచే కాలేజీకి వచ్చేదాన్ని. ఆ ఏడు క్రిస్మస్‌కు ఆలూరు పోతే బాపు కాళ్లు వాచి ఉన్నాయి. ఆయనకు ఎప్పటి నుంచో షుగర్. నన్ను చూడగానే గూట్లోంచి ఆకుపచ్చ డబ్బా తీసి చేతికిచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "జర చూడు బిడ్డా! మీ మేడం బొమ్మ పడ్డది. నీ ల్యాబ్‌లదే గదా? వానల కాలం సంది రోజు పరగడుపున తాగుతున్న." ఆ ఫామ్‌హౌస్ ఆయన కూరల పొడి అది. డబ్బా మీద మేడం ఫొటో, పేరు. కింద 'షుగర్‌కు, కిడ్నీకి దివ్యౌషధం'. ఇనుము రాశారు, కొవ్వు రాశారు. ఎవరు తాగొద్దో మాత్రం ఎక్కడా లేదు. ఫలానా ఆమె దగ్గర మా బిడ్డ పనిచేస్తదని బాపు వాడకట్టంతా చెప్పుకున్నాడట.

డబ్బా తీసుకెళ్లి మేడం ముందు కొట్టినట్టు పెట్టాను. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ సాయంత్రమే బయల్దేరింది. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా దుకాణం దుకాణం తిరిగి, అది అమ్మొద్దని, తన పేరు తనను అడగకుండా వేశారని చెప్పింది. చైర్మన్ పిలిచి నోరు మూసుకొమ్మన్నాడు. మూసుకోలేదు. సంక్రాంతి సెలవులయ్యేసరికి మా ల్యాబ్‌లో సింకులు పీకేసి కంప్యూటర్లు పరిచారు. ఆమె ఉద్యోగం పోయింది, నాదీ పోయింది. ఎండలు ముదిరేసరికి, కిడ్నీలు పనిచేయక దవాఖానలో రక్తం శుద్ధి చేయించీ చేయించీ, బాపు కూడా పోయాడు.

ఆ కంపెనీని కోర్టుకు ఈడుస్తానని పంతం పట్టాను. వకీలు ఒక్కటే అడిగాడు, ఆ పొడే ప్రాణం తీసిందని తెలిసినవాళ్లు రాసివ్వాలని. అవ్వను తీసుకొని మేడం ఇంటికి వెళ్లాను. ఈమె కాక ఇంకెవరు రాస్తారు అనుకున్నాను.

"ఆ పొడిల ఆక్సలేట్ ఎంతున్నదో రాస్త" అంది మేడం. "కిడ్నీ బలహీనమున్నోళ్లు తాగొద్దని రాస్త. నా పేరు దొంగతనంగ ఏసిన్రని రాస్త. మీ బాపు దాంతోనే పోయిండని మాత్రం రాయలేను సుగుణా. నాకు తెల్వది."

"మీకు తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది మేడం?"

"ఎన్నేండ్ల షుగర్ అది! కిడ్నీ ఎప్పటిసంది పాడైందో ఎవరు చూసిన్రు? నేను పరీక్ష చేసింది ఆకును. మీ బాపును గాదు."

"వాడు తెల్వకుండనే డబ్బా నిండ రాసిండు గదా!"

"అందుకే నేను రాయ."

అవ్వ లేచి నిలబడి, "నీ సదువు మన్నుల గల్వ!" అంది. మేడం ఆ మాట పడింది. గేటు దాకా వచ్చి, మేం సందు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. కేసు నిలవలేదు. కంపెనీ డబ్బా రంగు మార్చి, ఆమె ఫొటో తీసేసి, ఎవరో గడ్డం స్వామి బొమ్మ వేసుకొని హాయిగా అమ్ముకుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. తెలియనివాడు నోటికొచ్చిందల్లా అచ్చేసి బంగళా కట్టాడు. తెలిసిన మనిషి ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయి ట్యూషన్లు చెప్పుకుంటూ చేవెళ్లలోనే పోయింది. చావుకు వెళ్లాను. ఏడుపు రాలేదు. అంత నిజం ఎవరికి కావాలి మేడం అని అడగాలనిపించింది, అడగడానికి ఆమె లేదు.

నిన్న కూరకట్ట కొన్నాక పక్కనే ఉన్న సూపర్ మార్కెట్‌లోకి వెళ్లాను. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతున్న ఒక పిల్ల ఆ గడ్డం స్వామి బొమ్మ ఉన్న పొడి డబ్బా అందుకుంటోంది. నా నోరు ఊరుకోదు కదా. "ఎవరికమ్మా అది?" అన్నాను.

"మా డాడీకి ఆంటీ."

"షుగర్ ఉన్నదా? కిడ్నీ పరీక్ష చేయించిన్రా?"

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "షుగర్ ఉన్నది. ఎందుకు, ఇది తాగితే ఏమైతది?"

మా బాపును చంపింది ఇదే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే చాలు, డబ్బా మళ్లీ అరలోకి పోయేది. పళ్లు బిగుసుకున్నాయి.

"ఏమైతదో నాకు తెల్వది" అన్నాను. "పరీక్ష చేయించేదాక మాత్రం తాగనియ్యకు."

"తెలియకుండా ఎందుకు భయపెడ్తరు ఆంటీ" అని ఆ పిల్ల డబ్బాను బుట్టలో వేసుకొని బిల్లు కౌంటర్ వైపు వెళ్లిపోయింది.