అబ్బాయిరాజు గారి ఆరడుగులు

పెదపాడు పక్కనున్న మా పల్లెలో అబ్బాయిరాజు గారు ఆరడుగుల పైమాటే. ఆయన మంచినీళ్లు అడిగినా చేపల చెరువు అవతలి గట్టు మీదివాళ్లు తిరిగి చూస్తారు. ఆ పొడుగూ ఆ గొంతూ చూసే చిన్నప్పుడు క్లాసు లీడర్ని చేశారు, పెద్దయ్యాక మేము నీటి సంఘం అధ్యక్షుణ్ణి చేశాం. పాపం, ఆయనకి ఎవరికీ పని చెప్పడం రాదు. నిరుడు మురుగుకాలువలో గుర్రపుడెక్క తీయించేలోపే వానలొచ్చి మా వరి మునిగింది. అయినా మావాళ్లకి బుద్ధి రాలేదు. ఈసారీ ఆయనే అధ్యక్షుడిగా ఉండాలన్నారు.

ఆయనకి దిగులు పట్టుకుంది.

"ఈసారీ పొలాలు మునిగితే ఊళ్లో తలెత్తుకోలేనమ్మా" అన్నారు కూతురు గాయత్రితో. ఆ అమ్మాయి వట్లూరు కాలేజీలో సైకాలజీ చెబుతుంది.

"మీ తప్పేం లేదు నాన్నగారూ. మనుషులు అడవుల్లో బతికిన కాలంలో పులొస్తే ఒడ్డూ పొడుగూ ఉన్నవాడి వెనక చేరేవారు కదండీ. ఆ అలవాటు మన బుర్రల్లోంచి ఇంకా పోలేదు."

"ఇప్పుడు పులేదమ్మా? ఉన్నది గుర్రపుడెక్క. అది నా గొంతుకి భయపడదే!"

సంఘం ఎన్నిక చేతులెత్తే పద్ధతిలోనే. బడి ఆవరణలో అందరం చేరాక ఆయన లేచి, తనకి బదులు అధ్యక్షురాలిగా మా ఊరి రైతు ప్రసన్నకుమారి పేరు చెప్పారు. ఆవిడ పొట్టిగా ఉంటుంది, మాట రెండో వరుసకి వినబడదు. అంతా పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నిరుడు మనుషుల్ని పోగేసి తన పిల్లకాలువ బాగుచేయించుకున్నది ఆవిడొక్కతే కదా!

"నవ్వడం అయ్యిందాండీ? మీరు చెప్పండమ్మా, నేను వినిపిస్తాను" అన్నారు అబ్బాయిరాజు గారు.

"వానలకి ముందే డెక్క తీసేద్దామండి" అందావిడ.

"వానలకి ముందే డెక్క తీసేద్దామండీ!" బడి గోడలు అదిరాయి.

"ఇంటికో మనిషి రావాలండి."

"ఇంటికో మనిషి రావాలండీ!"

"ముందు రాజు గారు దిగాలండి."

"ముందు రాజు గారు దిగాలండీ!" అనేశాక ఆయన ఉలిక్కిపడ్డారు. ఈసారి నవ్వు వేరు. ఆయనా నవ్వేసి, అందరికంటే ముందు చెయ్యెత్తారు. వెంటనే అన్ని చేతులూ లేచాయి.

ఆవిడ గట్టు మీద నిలబడి పురమాయిస్తుంటే ఆయన నడుములోతు నీళ్లలో డెక్క లాగారు. ఊరంతా వెనక దిగింది. వానలొచ్చాయి, నీళ్లు నిలవకుండా కొల్లేరుకి పోయాయి. వరి నిలిచింది. నా ప్రాణం లేచొచ్చింది.

తర్వాత టీ కొట్టు దగ్గర ఒకాయన "రాజు గారుండబట్టి ఒడ్డెక్కామండీ" అన్నాడు.

"నేను కాదండీ! అంతా ఆవిడే!" అని అబ్బాయిరాజు గారు కోపంగా అరిచారు. గ్లాసులు గలగలలాడాయి.

"అబ్బ, ఏం గొంతండీ! వచ్చేసారి ఎమ్మెల్యేగా నిలబెడదామండీ" అన్నాడు ఇందాకటాయనే.