అక్క నడికట్టు

నేను ఏడో తరగతితో బడి మానేశాను. నువ్వు మానలేదురా, బడే నిన్ను మానేసిందని మా బాపు అనేవాడు. ఆ తర్వాత పదేళ్లు సిరిసిల్లలో సాంచాలు నడిపాను. సాంచాలంటే మరమగ్గాలే. ఆ చప్పుడులో పక్కవాడితో మాట్లాడాలన్నా అరవాలి కాబట్టి మెల్లగా మాట్లాడడం నాకు రాకుండా పోయింది. చివరికి ఆ గొంతే నాకు కరీంనగర్‌లో నౌకరీ ఇప్పించింది. మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకునే హోం అది. అక్కడ సగం మందికి చెవులు వినపడవు. మిగతా సగం మంది వినపడినా పట్టించుకోరు. రెండు జాతులకూ నేను బాగానే సరిపోయాను.

తినిపించడం, కడగడం, నవ్వించడం ఎవరైనా చేస్తారు. మనిషిని లేపడం మాత్రం నేర్చుకోవాలి. మేం చేరిన మొదటి వారంలో ఒక ఫిజియోథెరపీ మేడం వచ్చి నేర్పింది. నడుము వంచొద్దు, మోకాళ్లు వంచాలి. ఒక్కరే లేపొద్దు, ఇద్దరుండాలి. మనిషి కింద దుప్పటి పరిచి, చెరోవైపు పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని ఒక్కసారే జరపాలి. అన్నిటికంటే ముఖ్యం, వాళ్లను మన మెడ పట్టుకోనియ్యొద్దు. మెడ పట్టుకుంటే వాళ్ల బరువంతా వచ్చి మన వెన్ను మీద పడుతుంది.

నేను చెయ్యెత్తాను. "మా ఇంటామె మూడేండ్ల సంది నా మెడ వట్టుకునే ఉన్నది మేడం. ఇప్పుడేం జెయ్యాలె?"

అందరూ నవ్వారు, మేడం కూడా. నవ్వనిది ఒక్క అక్కే. గోడకు ఆనుకుని, మోకాళ్లు వంచి లేవడం ఎట్లాగో ఆమె మళ్లీ మళ్లీ చేసి చూస్తోంది.

అక్క అంటే నా తోబుట్టువు కాదు, నాతో పాటు పనిచేసేది. మంథని దగ్గర పల్లె. ఇక్కడికి రాకముందు ఇరవై ఏళ్లు నాట్లు వేసింది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట తక్కువ. నేను పది మాటలంటే ఒకటి అనేది, ఆ ఒక్కటీ నా పదింటినీ మింగేసేది. ఒకసారి, "నీ నోటికి గూడ ఒక డైపర్ తొడగాలె తమ్మీ" అంది. రెండు రోజులు మాట్లాడలేకపోయాను. అంటే, తక్కువ మాట్లాడాను.

మా ఇద్దరికీ కలిపి అప్పగించింది టీచరమ్మను. రిటైరైన సర్కారు బడి పంతులమ్మ. పక్షవాతంతో ఎడమ వైపు పడిపోయింది. బాగా బరువైన మనిషి. నేను ఏడో తరగతి వరకే చదివానని తెలిసిన రోజు నుంచి నన్ను ఎక్కాలు అడగడం మొదలుపెట్టింది. మంచం మీంచి కుర్చీలోకి జరిపేటప్పుడు మేం ఒకటి, రెండు అంటామా, మూడు దగ్గర ఆమె ఆపేది.

"పదమూడు ఏడ్ల ఎంత?"

"మిమ్ముల కూసోవెట్టినంక జెప్త టీచరమ్మా."

"కూసోవెట్టినంక పారిపోతవు."

దుప్పటి గాల్లో ఉండగా ఇదంతా జరిగేది. అక్క పళ్లు బిగబట్టి, "జల్ది జెప్పరాదు తమ్మీ, చేతులు గుంజుతున్నయ్" అనేది. నేను ఏదో ఒక లెక్క చెప్పేవాణ్ని. అది ఎప్పుడూ తప్పే.

టీచరమ్మకు ఒక అలవాటుండేది. లేపే సమయానికి కుడిచెయ్యి అక్క మెడ చుట్టూ వేసేది. భయం మరి. సగం ఒళ్లు తనది కాకుండా పోయిన మనిషి, మిగిలిన చేత్తో ఏదో ఒకటి పట్టుకోవాలి కదా. అక్క ఆ చేతిని మెల్లగా విడిపించి, టీచరమ్మ గుండెల మీదే పెట్టేది. "మీ చెయ్యి ఈడ వెట్టుకోండ్రి. మిమ్ముల నేను ఇడువ." రోజుకు ఆరేడు సార్లు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మనుషుల్ని లేపే మిషన్ కూడా ఒకటి ఉండేది మా హోంలో. ఎవరో దాత ఇచ్చాడు. హోం నడిపే మా సారు దానికి ప్లాస్టిక్ కవర్ తీయకుండా సామాన్ల గదిలో పెట్టించాడు. దసరాకు బయటికి తెచ్చి, పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కట్టి, మళ్లీ లోపల పెట్టేవాళ్లం. పాడైతే బాగుచేసేవాడు హైదరాబాద్ నుంచి రావాలట. అందుకని అది పాడుకాకుండా మేం పాడయ్యేవాళ్లం. దాని మీద నేను చాలా జోకులే వేశాను. ఒక్కసారైనా సారు దగ్గరికి పోయి కవర్ తియ్యండి అని అడగలేదు. జోకు వేశాక పని అయిపోయినట్టు ఉంటుంది నాకు.

ఆ వానాకాలం అక్కకు నడుము నొప్పి మొదలైంది. చెప్పలేదు. చెబితే ఎందుకూ పనికిరాదని పంపించేస్తారని భయం. ఒకరోజు పొద్దున యూనిఫాం కోటు మీద, నడుముకు ఒక పాత చీర పేలిక రెండు చుట్లు బిగించి కట్టుకుని వచ్చింది. నడికట్టు. మా వైపు నాట్లు వేసే ఆడవాళ్లు మడిలోకి దిగే ముందు అట్లాగే కట్టుకుంటారు. పొద్దంతా వంగి ఉండే నడుముకు అదొక్కటే ఆసరా. అక్క ఇరవై ఏళ్లు కట్టింది. నొప్పి రాగానే తనకు తెలిసిన మందు అదే.

నాకు మాత్రం అది నవ్వులాటగా కనిపించింది. అందరూ హాల్లో చాయ్ తాగుతున్నారు.

"ఏందక్కా, నాటుకు వోతున్నవా? టీచరమ్మ మంచం కింద మడి దున్నిండ్రా?"

హాలంతా నవ్వింది. పలకరించడానికి వచ్చిన చుట్టాలూ నవ్వారు. టీచరమ్మా నవ్వింది. అక్క కూడా కొంచెం నవ్వినట్టే ఉంది. ఇంకేం, నాకు దొరికింది. మర్నాడు, "నారు పీకినవా అక్కా?" ఆ మర్నాడు, "నీళ్లు సరిపోతున్నయా మడికి?" వారం దాకా వదల్లేదు. ఏడో రోజు సారు పిలిచి ఆమెకు చెప్పాడట, వచ్చేవాళ్లు చూసి నవ్వుతున్నారు, యూనిఫాం మీద అట్లాంటివి కట్టొద్దని.

మర్నాడు అక్క మామూలుగా వచ్చింది. నడికట్టు మడత పెట్టి కిటికీ ఊచలకు చుట్టి ఉంది. రెండు రోజులకు చాయ్ ఒలికితే నేనే దాన్ని లాగి బల్ల తుడిచాను. అక్క చూసింది.

ఆ తర్వాత పది రోజులకేమో, మధ్యాహ్నం అన్నాలైన వేళ. నేను హాల్లో ఒక తాతకు గడ్డం చేస్తూ ఏదో కథ చెబుతున్నాను. టీచరమ్మకు అర్జెంటుగా బాత్రూంకి పోవాల్సి వచ్చింది. ఇద్దరం కలిసి చేయాల్సిన పని. అక్క ఒక్కతే చక్రాల కుర్చీలో తీసుకుపోయింది. తిరిగి లేపేటప్పుడు తడి నేల మీద టీచరమ్మ మంచి కాలు జారింది. జారగానే కుడిచెయ్యి అక్క మెడకు చుట్టుకుంది. ఈసారి విడిపించడానికి వీలులేదు. విడిపిస్తే ఆమె కింద పడుతుంది. అక్క విడిపించలేదు. అంత బరువూ మెడకు వేలాడుతుండగా వంగి, ఆమెను మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టింది.

మమ్మల్ని పిలవడానికి ఆ కుర్చీకి కట్టిన గంట మోగితే పోయాను. గంట కొట్టింది టీచరమ్మ. ఆమెకు గీత కూడా పడలేదు. అక్క గోడ పట్టుకుని, వంగినది వంగినట్టే ఉంది. నాటు వేసేటప్పుడు మనిషి ఎట్లా ఉంటుందో అట్లా. నాకు ఆ పోలిక తోచినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"జర నన్ను లేపు తమ్మీ" అంది.

లేపలేకపోయాను. ఎక్కడ పట్టుకున్నా నొప్పే. అట్లాగే ఆటోలో పక్కకు పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాం. వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని, ఇక బరువు ఎత్తే పని జన్మలో చెయ్యొద్దని డాక్టర్ చెప్పాడు. ఆమె కొడుకు వచ్చి ఊరికి తీసుకుపోయాడు. మూడోనాటికి ఆమె స్థానంలో ఇంకో అమ్మాయి వచ్చింది. అక్క యూనిఫామే తొడుక్కుంది, చేతులు ఆమెకు పొడుగయ్యాయి.

టీచరమ్మ రోజూ అడిగేది, ఆమె ఎప్పుడొస్తదని. సెలవుల మీద పోయిందనీ, బడి పిల్లల్లాగే ఆమెకూ ఎండాకాలం సెలవులిచ్చారనీ చెప్పేవాణ్ని. వానలు పడుతున్నా అదే చెప్పేవాణ్ని. టీచరమ్మ ఎక్కాలు అడగడం మానేసింది. లేపేటప్పుడు కుడిచెయ్యి తనంతట తానే గుండెల మీద పెట్టుకునేది. ఎవరి మెడా పట్టుకోలేదు మళ్లీ.

కొన్నాళ్లకు కంచంలో అన్నం మిగలడం చూశాను. పొద్దున ఇడ్లీలు రెండైతే ఒకటి. రాత్రి రొట్టె సగం. కూర బాగాలేదేమో అనుకున్నాను. పచ్చడి తెచ్చిపెట్టాను, అదీ ముట్టలేదు.

"అన్నంతోటి లడాయి పెట్టుకున్నరా టీచరమ్మా?"

ఆమె కుడిచేత్తో కంచం పక్కకు నెట్టింది. తర్వాత, "జర బరువు తగ్గుదామని" అంది.

"ఎందుకు, పెండ్లి చూపులున్నయా?"

నోరు జారాక తెలిసింది. ఆమె గోడవైపు తల తిప్పుకుంది. "నా బరువుకే గదరా గా పిల్ల నడుము వోయింది."

ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టాను. నోరు తెరవలేదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. తప్పు ఆమెది కాదని చెప్పాలి. చెప్పాలంటే అది ఎవరిదో కూడా చెప్పాలి. చివరికి చెప్పాను. నడికట్టు సంగతి, నేను వారం రోజులు ఎగతాళి చేసిన సంగతి. ఆమె నన్ను తిట్టలేదు. "నేను గూడ నవ్విన గదా" అంది. ఆ ముద్ద తిన్నది. రెండోది వద్దంది.

వరి కోతలప్పుడు అక్కను చూడడానికి మంథని పోయాను. పెద్దపల్లి నుంచి బస్సు. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఇంటి ముందు రేకుల కింద, నులక మంచం మీద పడుకుని ఉంది. నన్ను చూడగానే, "వచ్చినవా, మోగుడు పెట్టె" అంది. ఒళ్లు బాగా తగ్గిపోయింది, గొంతు మాత్రం అదే.

టీచరమ్మ తినడం లేదని చెప్పాను. అక్క ముఖం మారింది. "నా మాటగ జెప్పు, నేను ఒట్టు వెట్టిన్నని. నేను పండుకోని తింటున్న, ఆమె కూసోని తినాలె అని."

కాసేపటికి అడగకుండా ఉండలేకపోయాను. "ఆనాడు నన్నెందుకు పిలువలే అక్కా? హాల్లనే ఉన్న గదా."

అక్క నవ్వింది. "పిలుస్తె మళ్ల నాటు ముచ్చట తీస్తవని పిలువలే తమ్మీ."

కోపంగా అనలేదు. వంట ఏమి చేశారంటే చెప్పినట్టు చెప్పింది.

ఎండ మంచం మీదికి వచ్చింది. మంచం లాగితే కుదుపుకు నొప్పి, ఆమెనే ఎత్తి నీడలోకి జరపాలి. కొడుకు పొలం పోయాడు. నేను లేచి, ఆమె భుజాల కింద చేతులు పెట్టబోయాను.

"ఆగు" అంది. తలగడ కింద నుంచి ఒక పాత చీర పేలిక తీసింది. "ఇటు రా. వంగు."

వంగాను. పడుకునే, నా నడుము చుట్టూ తిప్పి, రెండో చుట్టు లాగి బిగించింది. చేతుల్లో బలం లేదు. ముడి కోసం మూడుసార్లు ప్రయత్నించింది. నేను ముడి వేసుకుంటానంటే ఒప్పుకోలేదు. ముడి పడ్డాక దాని మీద ఒకసారి చెయ్యి వేసి చూసింది.

"మోకాళ్లు వంచు. నడుము వంచకు."

వంచాను. ఆమె రెండు చేతులూ ఎత్తి తన గుండెల మీద పెట్టుకుంది. నా మెడ పట్టుకోలేదు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా పట్టుకోలేదు.

"ఒకటి" అంది.

రెండు నేను అనాలి. గొంతు పెగల్లేదు. పదేళ్లు సాంచాల మధ్య అరిచిన గొంతు. అక్క కాసేపు చూసి, రెండూ మూడూ తనే అంది.