బంతిపూల మధ్య ఇరవై రెండు డిగ్రీలు

సూర్యాపేటలో సముద్రం లేదు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, మా హోటల్ ఓనర్‌కు తప్ప.

తొంభైల చివర్లో ఆయన హైవే మీది తన హోటల్‌కు కొత్తగా ఏసీ హాలు కట్టించి, దాని నడిమి గోడకు బీరువా అంత గాజుతొట్టి పెట్టించి, అందులో సముద్రపు చేపలు వదిలించాడు. హైదరాబాదు, విజయవాడల మధ్య తిరిగే బస్సులు, కార్లు అక్కడ ఆగేవి. చేపల కోసం పిల్లలు లోపలికి ఉరికితే వెనకాల తల్లిదండ్రులు వస్తారు, వచ్చాక ఊరికే నిలబడటానికి మొహమాటపడి ఏదో ఒకటి తింటారు. ఇదీ ఆయన ఆలోచన. మంచి ఆలోచనే. ఆ నీళ్ళు ఎవరు మోస్తారన్నది మాత్రం ఆలోచనలో లేదు. తర్వాత నేను దొరికాను.

నాది మిర్యాలగూడ. నాన్న రైసుమిల్లులో పని చేసేవాడు. నన్నూ అక్కడే పెట్టాలని చూశాడు గానీ, ఊకదుమ్ము నా ఛాతీకి పడలేదు. మిల్లులో కాసేపు నిలబడితే చాలు, ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోవాల్సి వచ్చేది. అందుకని ఐటీఐలో వైరింగు నేర్చుకుని, హోటల్‌లో జనరేటరు, ఫ్యూజులు చూసుకునే పనికి కుదిరాను. గాజుతొట్టి వచ్చిన రోజు ఓనర్ నన్ను పిలిచాడు. ఆయనది కోదాడ. కోపం వచ్చినా కూర వడ్డిస్తున్నట్టే మాట్లాడతాడు.

"ఏవయ్యా, గోడలో వైర్లు చూస్తావు కదా. నీళ్ళలో వైర్లు కూడా నువ్వే చూడు."

వైర్లకూ నీళ్ళకూ పడదన్నదే మా కోర్సులో మొదటి పాఠం. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను. చెప్పినా, "మరి నువ్వెందుకున్నావు?" అనేవాడు.

తొట్టి బిగించడానికి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. పైన చేపలుండే తొట్టి, కింద చెక్క అరలో దానికంటే చిన్న తొట్టి. కిందిదాన్ని సంప్ అన్నాడు. మా వైపు సంప్ అంటే ఇంటి ముందు తవ్వించే నీళ్ళగుంట. ఎంత లోతు తవ్వించాలని ఓనర్ అడిగాడు. హైదరాబాదు ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

ఆ కింది తొట్టిలోనే సామానంతా. దాన్ని అడ్డుగాజులతో మూడు గదులు చేశారు. పై నీళ్ళు మొదటి గదిలో పడి, రెండో గది దాటి, మూడో గదికి చేరితే అక్కడి మోటారు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. నీళ్ళు వేడి చేసే గాజుకడ్డీ ఒకటి. నీళ్ళ వేడిని కనిపెట్టే ప్రోబ్ ఒకటి. అది నల్లటి వైరు చివర చిటికెన వేలంత ఉంటుంది. దాని అంకెలు పైన చిన్న డబ్బాలో ఎర్రగా వెలుగుతాయి. నీళ్ళు ఇరవై ఆరు డిగ్రీల కంటే చల్లబడ్డాయని ప్రోబ్ చెబితే డబ్బా హీటరు వేస్తుంది, చాలంటే ఆపుతుంది. ఏసీ హాలు కాబట్టి హీటరు తప్పదు. బయట సూర్యాపేట మాడిపోతుంటే, లోపల చేపకు చలి వేయకుండా కరెంటు కాల్చేవాళ్ళం.

హైదరాబాదు ఆయన సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. ప్రోబ్ ఎక్కడ పెట్టాలో మాత్రం చెప్పలేదు. పెట్టమన్నాడు, అంతే.

మొదట మొదటి గదిలో పెట్టాను. పైనుంచి నీళ్ళు దబదబా పడి నురగ లేస్తుంటే అంకె కుదురుగా నిలబడలేదు. మూడో గదికి మార్చాను. ఎండాకాలంలో నీళ్ళు ఆవిరైనప్పుడల్లా తగ్గేది ఆ గదిలోనే. ఓ మధ్యాహ్నం చూద్దును గదా, నీళ్ళు కిందికి దిగిపోయాయి, ప్రోబ్ ఉరితీసినట్టు గాలిలో వేలాడుతోంది. రెండో గదిలో నీళ్ళు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటాయని అప్పుడు అర్థమైంది. తెచ్చి అక్కడ హీటరు పక్కనే పెట్టాను. పొయ్యి పక్కన కూర్చున్నవాణ్ణి ఊళ్ళో ఎండ ఎలా ఉందని అడిగితే ఏం చెబుతాడు? ఇదీ అదే చెప్పింది. చివరికి అదే గదిలో అవతలి మూలకు జరిపి, వైరును ఓ ప్లాస్టిక్ క్లిప్పుతో గాజు అంచుకు పట్టించాను. వైరు మీద పాకే చుక్కలు ప్లగ్గు దాకా పోకుండా మధ్యలో కిందికి ఉయ్యాలలా వదిలాను. ఇన్ని చేసినా ఉప్పు ఊరుకోలేదు. వైర్ల మీద, క్లిప్పు మీద, నా చేతుల మీద తెల్లగా పేరుకునేది. నేను అన్నం కలిపితే ఉప్పు వేసుకునే పని లేదని వంట మాస్టర్ అనేవాడు.

మాస్టర్ సూర్యాపేట మనిషి. హోటల్‌లో నాకు వేళకు అన్నం పెట్టేది ఆయనే. ఆ నల్ల వైర్లను తోకలు అనేవాడు. "ఏం రా, నీ చేపకు తోక లోపల, తోక బయట. ఎన్ని తోకలుంటయ్ దానికి?"

చేపలకు అనకుండా చేపకు అనడం ఎందుకంటే, ఏడాది తిరిగేసరికి మిగిలింది ఒక్కటే. నారింజ రంగు ఒళ్ళు, తెల్ల పట్టీలు, వేలెడంత. మిగతావి రకరకాలుగా పోయాయి. ఒకటి కరెంటు కోతకు పోయింది, ఒకటి ఎవరో పిల్లాడు పెట్టిన ఇడ్లీకి పోయింది, కొన్ని ఏ కారణమూ చెప్పకుండానే పోయాయి. అంత పెద్ద తొట్టిలో అదొక్కటే తిరుగుతుంటే జనం వెతుక్కుని మరీ చూసేవారు. "ఇది తింటరా?" అని ఒకరు. "ఒక్కదాన్ని ఏం తింటరు, ఇంటికొక ముక్క గూడ రాదు" అని ఇంకొకరు.

ఓనర్ ఓ రోజు తొట్టి ముందు నిలబడి, ఎప్పటిలాగే మెత్తగా చెప్పాడు. "ఇదొక్కటీ పోయిందనుకో, తొట్టి తీసేసి ఇక్కడ రెండు టేబుళ్ళు వేయిస్తా. జనరేటరు చూసుకోటానికి మా బామ్మర్ది చాలు. నువ్వు మిర్యాలగూడ పోయి మీ నాన్న దగ్గర మిల్లులో చేరిపో, హాయిగా."

హాయిగా అన్న మాటకు నాకు అప్పుడే దగ్గు వచ్చింది. అప్పటినుంచీ నా ఊపిరి ఆ చేప మొప్పల్లో ఉంది. కథల్లో రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. నాది ఏసీ హాల్లో, క్యాష్ కౌంటర్ ఎదురుగా.

నీళ్ళు మార్చడం అన్నిటికన్నా పెద్ద చాకిరీ. బందరు వైపు నుంచి రొయ్యలు తెచ్చే లారీవాళ్ళు మాకు సముద్రపు నీళ్ళు క్యాన్లలో పట్టి తెచ్చేవారు. అందుకు వాళ్ళకు హోటల్‌లో భోజనం. దసరా ముందు రోజు మాత్రం లారీ మా దాకా రాలేదు. కోదాడలో కడిగి, పూజ చేసి, ఆ రోజుకు బండి కదపనన్నాడు డ్రైవరు. క్యాన్లు వచ్చి తీసుకుపొమ్మని ఫోను చేయించాడు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. లారీకి బంతిపూల దండలు, టైర్ల కింద నిమ్మకాయలు. పండుగ పూట నవ్వుతూ ఉన్నది ఆ లారీ ఒక్కటే. క్యాన్లు దించుకుని, వాటిని ఎక్కించుకునే బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. ఆగిన ప్రతి కండక్టరూ "పెట్రోలా?" అని అడిగాడు. సముద్రం అంటే నమ్మలేదు. చివరికి ఒకడు వాసన చూసి ఎక్కనిచ్చాడు.

హోటల్ చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. ఏసీ హాల్లో సాంబ్రాణి పొగ. ఓ బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి సామానంతా పేర్చారు. గరిటెలు, కత్తులు, కొబ్బరి కోరాము, తూకపు రాళ్ళు, జనరేటరు పానా. అన్నిటికీ పసుపు, కుంకుమ, పూలు. ఆ చివర ఇత్తడి పళ్ళెంలో నా టెస్టరు, నా కటింగ్ ప్లేయరు, వాటి మధ్య బంతిపూలలో ఒదిగి నల్లటి వైరు.

వైరు వెంట చూపు పోనిచ్చాను. అటు చివర గోడమీది డబ్బాలో ఉంది. ఇటు చివర ప్రోబ్ ఉంది, నుదుట బొట్టుతో.

డబ్బాలో ఎర్ర అంకె ఇరవై రెండు.

"మాస్టరూ, దీన్ని ఎవరు తీసిండ్రు?"

"నేనే తీసిన." మాస్టర్ కొత్త చొక్కా తొడుక్కుని ఉన్నాడు. "అందరి పనిముట్లు పూజకు వచ్చినయ్, నీవి రాకుంటె ఎట్ల? నువ్వు లేవని నిన్ను ఇడిసిపెడ్తమా? ఆ గాజుకడ్డీ గూడ తీద్దామనుకున్న, సుర్రుమంటుందని ఇడిసిన."

నన్ను విడిచిపెట్టనందుకు దండం పెట్టాలో, దండం పెట్టి ఏడవాలో తెలియలేదు. కౌంటరు వెనకనుంచి ఓనర్ బామ్మర్ది అన్నాడు, "నేను గమనిస్తూనే ఉన్నానులే. పొద్దున ఇరవై ఆరు ఉండేది, పూజయ్యాక ఇరవై రెండుకు పడిపోయింది. చేపకు చలేస్తుందని ముప్పైకి తిప్పా."

ఆయన తిప్పినా తిప్పకపోయినా ఒకటే. బంతిపూలకు ఏసీ తగిలి ఇరవై రెండు ఉంటే, నీళ్ళు చల్లబడ్డాయనుకుని హీటరు పొద్దుట్నుంచీ ఆగకుండా కాలుతోంది. చేప వేడి అడగాల్సిన చోట మేము పూల వేడి అడుగుతున్నాం. పూలు నిజమే చెబుతున్నాయి.

గాజు మీద చెయ్యి పెట్టాను. తలంటుకు తోడిన నీళ్ళలా ఉంది. చేప పైకొచ్చి, నీటి అంచున నోరు తెరిచి మూస్తోంది. మిల్లు నుంచి వచ్చిన సాయంత్రాల్లో నేను గోడకు ఆనుకుని అచ్చం అలాగే కూర్చునేవాణ్ణి.

హీటరు ప్లగ్గు పీకాను, డబ్బాను మళ్ళీ ఇరవై ఆరుకు తిప్పాను. ప్రోబ్ తీయడానికి పళ్ళెంలో చెయ్యి పెట్టబోతే మాస్టర్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ముట్టకురా. పూజల వెట్టినయి పొద్దుగూకేదాంక కదపొద్దు. అరిష్టం."

"అరిష్టం ఆల్రెడీ ఈదుతుంది మాస్టరూ. సూడు."

చూశాడు. ఆయన ముఖం నుంచి పండుగ దిగిపోయింది. "నా చేత్తోనే వండినట్టాయె గదరా దీన్ని" అన్నాడు మెల్లగా. నేను నవ్వలేదు. నవ్వే ఓపిక ఉంటే నవ్వేవాణ్ణే.

ప్రోబ్ లేకపోయినా చెయ్యి ఉంది కదా అని సరిపెట్టుకున్నాను. మంచుగడ్డలు నేరుగా వేస్తే కరిగిన మంచినీళ్ళు ఉప్పునీళ్ళలో కలుస్తాయి, చేపకు అదో కొత్త కష్టం. సాంబారు పార్సెళ్ళకు వాడే పాలిథిన్ కవర్లలో మంచు నింపి, రబ్బరు బ్యాండ్లు బిగించి, సంప్‌లోని మొదటి గదిలో తేలేశాను. మాస్టర్ కూల్‌డ్రింకు డబ్బాలోని మంచంతా మోసుకొచ్చాడు. బామ్మర్ది విసనకర్ర తెచ్చి నీళ్ళ మీద ఊపాడు. ఏసీ హాల్లో విసనకర్ర ఊపుతున్న మనిషిని చూసి, బస్సు దిగి వచ్చిన ఓ ముసలామె "ఏసీ పనిచేస్తలేదా బిడ్డా?" అని అడిగి వెనక్కి తిరిగి పోయింది.

తర్వాత చెయ్యడానికేమీ లేదు. ఒక్కసారిగా చల్లార్చినా చస్తుంది, మెల్లగా చల్లార్చాలి. నేను సంప్ ముందు గచ్చు మీద కూలబడి, కవరు కరిగినప్పుడల్లా మారుస్తూ, మధ్యమధ్య నీళ్ళలో వేలు పెట్టి చూస్తూ కూర్చున్నాను. కోదాడలో క్యాన్లు మోసిన ఎడమ భుజం తిమ్మిరెక్కింది. మిల్లు, ఊక, అక్కడ నాన్న తన పక్కన నాకు వేసే కుర్చీ, అన్నీ వరుసగా కళ్ళ ముందుకొచ్చాయి. ఆ కుర్చీలో కనీసం కూర్చోవచ్చు కదా అని కూడా అనిపించింది. ఆ మాట ఛాతీ ఒప్పుకోలేదు.

ఓనర్ పండక్కి కొన్న బట్టలతో కోదాడ నుంచి వచ్చాడు. మమ్మల్నీ, కవర్లనీ, విసనకర్రనీ చూశాడు. మాస్టరే ముందుకొచ్చాడు.

"తప్పు నాది సారూ. పోరగాన్ని అనకుండ్రి."

"చేప ఉందా?"

"ఉంది సార్" అన్నాను. "ఎటూ తేల్చుకోలేదు ఇంకా."

పొద్దు గూకింది. మాస్టర్ దీపం కొండెక్కే దాకా ఆగి, దండం పెట్టుకుని, పళ్ళెంలోంచి ప్రోబ్ తీసి రెండు చేతులతో నాకిచ్చాడు. కుంకుమ తుడిచాను, కడిగాను. ఓ పసుపు రేకు క్లిప్పుకు అంటుకుంటే గోటితో గీకాను. రెండో గదిలో, అవతలి మూలన, ఎప్పటి చోట దించాను. అంకె ఇరవై రెండు నుంచి లేచి, ఎక్కి ఎక్కి, ఇరవై తొమ్మిది దగ్గర ఆగింది. అందరం దాన్నే చూస్తున్నాం. కాసేపటికి ఇరవై ఎనిమిది అయ్యింది. చేప నీటి అంచు వదిలి కిందికి దిగింది, రాయి పక్కకు పోయి, ఏమీ జరగనట్టు మాకు వీపు పెట్టింది.

మాస్టర్ కళ్ళు తుడుచుకున్నాడు. సాంబ్రాణి పొగ అన్నాడు.

ఓనర్ గాజుకు దగ్గరగా వంగి చూసి, నిలబడి, పంచె సర్దుకున్నాడు. "సరే, బతికింది. నువ్వూ ఉండు." నాలుగడుగులు వేసి ఆగాడు. "పాపం, ఒక్కటే ఉంటోంది కదయ్యా. ఇంకో నాలుగు తెప్పిద్దాం. నీళ్ళు ఇంకాస్త ఎక్కువ కావాలేమో, లారీవాళ్ళతో మాట్లాడు."

మాట్లాడతానన్నాను. కోదాడ నుంచి తెచ్చిన క్యాన్లు ఇంకా గుమ్మంలోనే ఉన్నాయి. ఎడమ భుజం పనికిరాలేదు. కుడి భుజానికి ఎత్తుకున్నాను.