స్టోర్‌కీపరు అడ్డదారులు

బస్సు డిపో విడిభాగాల గదిలో ముప్పై ఏళ్లుగా ఒకే కుర్చీని అరగదీస్తున్న స్టోర్‌కీపరుకు ఏ వస్తువు ఏ అరలో ఉందో కళ్లు మూసుకున్నా తెలుసు. ఒకసారి కరెంటు పోతే పదమూడో నంబరు నట్టును వాసన చూసి తీసిచ్చాడట. మధ్యలో తుమ్మడం వల్ల పద్నాలుగో నంబరు చేతికొచ్చిందని గిట్టనివాళ్లంటారు.

అలాంటి మనిషికి కొత్త మేనేజరు కంప్యూటరు అంటగట్టాడు. ప్రతి భాగం ఫోటో అందులో ఉంది. కాకపోతే ఫోల్డరులో ఫోల్డరు, దాని కడుపులో మరొకటి, అలా ఏడు దాటితేగాని కనబడదు. శుక్రవారం పరీక్ష. అడిగిన భాగాన్ని నిమిషంలో తెర మీద చూపించాలి. లేదంటే గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని వచ్చేపోయే బస్సుల నంబర్లు రాసుకోవాలి. గ్రీజు వాసన తగలని ఉద్యోగం తలుచుకుంటేనే ఆయనకు ముద్ద దిగలేదు.

బుధవారం మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన కూతురు ఆయన అవస్థ చూసి మౌసు లాక్కుంది.

“నాన్నా, ఇది షార్ట్‌కట్. ఫోల్డరు కాదు, ఫోల్డరుకి దారి. మూలన చిన్న బాణం ఉంది చూడు.”

“అంటే ఇల్లు ఎక్కడిదక్కడే ఉంటుంది, నేను అడ్డదారిన దూరిపోతాను. అంతేనా?”

“అంతే.”

“ఆ ముక్క మీ మేనేజరు చెప్పడేం?”

“మా మేనేజరేంటి? నీ మేనేజరే!”

ఆయనకు హుషారొచ్చింది. తన అరల ఫోటో తీయించి కంప్యూటరు తెర మీద వెనక బొమ్మగా పరిపించాడు. ఏ వస్తువు ఏ అరలో ఉంటుందో సరిగ్గా ఆ అర మీదే దాని షార్ట్‌కట్ పెట్టించాడు. పేర్లు మాత్రం తనవే. వీధి మలుపులో ఉండగానే వినబడతాడు కాబట్టి హారనుకు ‘పెద్దబావ’. పట్టుకుంటే వదలదు కాబట్టి క్లచ్చుకు ‘పిన్ని’. ఎవరు హుషారుగా బయల్దేరినా ఆపేస్తాడు కాబట్టి బ్రేకుకు ‘మేనేజరుగారు’.

“నాన్నా, ఇది వద్దు,” అంది కూతురు.

“ఆయన అడిగేది ఇంజనేలే. పెద్దవాళ్లు పెద్దవే అడుగుతారు.”

శుక్రవారం మేనేజరు గడియారం చూసుకుంటూ వచ్చి నిలబడ్డాడు. వెనకే నలుగురు మెకానిక్కులు.

“బ్రేక్ లైనింగ్ చూపించండి.”

అడ్డదారి తొక్కితే పేరు బయటపడుతుంది. అందుకని స్టోర్‌కీపరు తెరకు భుజం అడ్డుపెట్టి రాజమార్గాన బయల్దేరాడు. ఒకటో ఫోల్డరు, రెండో ఫోల్డరు... నాలుగో దానికొచ్చేసరికి టైర్లు ప్రత్యక్షమయ్యాయి.

“నలభై సెకన్లు,” అన్నాడు మేనేజరు.

గేటు దగ్గరి స్టూలు కళ్ల ముందు కదలాడింది. ఆయన అన్నీ మూసేసి, భుజం పక్కకు తీసి, ‘మేనేజరుగారు’ మీద రెండుసార్లు టకటకా నొక్కాడు. బ్రేక్ లైనింగ్ తెర నిండా నవ్వింది. మెకానిక్కులకు ఒక్కసారిగా దగ్గొచ్చింది.

“యాభై రెండు. బాగుంది. ఏంటండీ, దానికి నా పేరు పెట్టారు?”

“మిగతావన్నీ బండిని పరిగెత్తించేవే సార్. అదొక్కటే అందరినీ క్షేమంగా ఇంటికి చేర్చేది.”

మేనేజరు ఆ మాటను కాసేపు చప్పరించి చూశాడు. పుల్లగా తగిలినట్టే ఉంది గానీ ఉమ్మలేదు. “సరే, మీ సీటు మీదే,” అని వెళ్లిపోయాడు.



సాయంత్రం మేనేజరు ఒక్కడే మళ్లీ వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. స్టోర్‌కీపరు లేచి నిలబడ్డాడు, మళ్లీ స్టూలు గుర్తొచ్చి.

“ఆ ‘పెద్దబావ’ నొక్కితే ఏమొస్తుంది?”

“హారను సార్.”

మేనేజరు గొంతు తగ్గించాడు. “మాకూ ఒకాయన ఉన్నాడు. నా కంప్యూటరులో కూడా అదొకటి పెట్టివ్వండి.”