నా పేరు ఫ్నూ కాదు

నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు లేదు, ఉత్త విజయనే. అమెరికాలో దాన్నే ఇంటిపేరు చేసేసి, లైసెన్స్ మీద పేరుండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని వేశారు. ‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’, అంటే పేరు తెలియదని. దాన్ని అందరూ ‘ఫ్నూ’ అని చదువుతుంటే తొమ్మిదేళ్లుగా నవ్వి ఊరుకున్నాను.

పోయిన వేసవిలో మేముండే ట్రాయ్ నుంచి మావారితో నార్త్ డకోటా వెళ్లినప్పుడు, ఐస్‌లాండ్ నుంచి వలస వచ్చినవాళ్ల మ్యూజియం చూశాం. వివరాలు చెప్పే ఆడియో సెట్ కోసం లైసెన్స్ హామీగా ఇస్తే కౌంటర్‌లో అమ్మాయి “వెల్కమ్, ఫ్నూ” అంది. నవ్వాను.

పక్కనే ఉన్న గైడ్, డెబ్బై దాటిన ఆవిడ, “అది నీ పేరేనా?” అని అడిగారు.

“కాదండీ, విజయ.”

“మరెందుకు నవ్వావు?” అంటూ నన్ను ఒక ఫోటో దగ్గరికి లాక్కెళ్లారు. “మా ముత్తవ్వ గుడ్రున్. మాకు ఇంటిపేర్లుండవు. యోన్ కూతురు కాబట్టి యోన్స్‌దొత్తిర్. ఇక్కడి గుమాస్తా జాన్సన్ అని రాశాడు, అంటే జాన్ కొడుకని. ఆవిడా నవ్వి ఊరుకుంది. సమాధి మీద కూడా కొడుకనే చెక్కారు.”

“లైట్ తీసుకో విజయా, సీన్ చేయకు” అన్నారు మావారు. ఒళ్లు మండిపోయింది. వెనక్కి వెళ్లి ఆ అమ్మాయికి నా పేరు చెప్పాను.

రెండోసారికే సరిగ్గా పలికింది. అంత తేలికైన పని తొమ్మిదేళ్లుగా ఎవరినీ అడగనందుకు, నా మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు.